పాట కట్టేవాళ్ళ ముచ్చట

నువ్వు పాటలు రాస్తున్నావంటగా అబ్బాయ్, మీ అమ్మ చెప్పింది. మంచిదేరా. ఆ సెల్‌ఫోన్ జేబులో పెట్టి, ఆ నులక మంచం మంట దగ్గరికి లాక్కుని కూర్చో. పాటలు రాసేవాడికి చెప్పాల్సిన ముచ్చట్లు నా దగ్గర నాలుగున్నాయి. నాలుగంటే నాలుగే అని వేళ్ళు మడవొద్దు. మనది కొండవీడు. కోటలో బావుల్లో నీళ్ళు ఎంత లోతునో, చేద తాడూ అంత పొడుగు ఉండేదంట. అందుకే ఏది తెగకుండా సాగినా తెలుగువాళ్ళు కొండవీటి చేంతాడంటారు. ఈ ఊరి ముచ్చటకి ఆ పొడుగు రాకుండా ఎట్టా ఉంటుంది! నిద్రొస్తే తల ఊపు, ఊఁ కొట్టావనుకుని ముందుకు పోతా.

రోకలి దగ్గర మొదలుపెడతా. నీకు తెలిసిన రోకలి, పెళ్ళిలో పసుపు కొట్టేటప్పుడు పట్టుకుని అందరూ ఫొటో దిగేది. మా అమ్మ కాలంలో రోకలి పోటు పడకపోతే పొయ్యి వెలిగేది కాదు. సాగర్ కుడి కాలవకి 1967లో నీళ్ళొదిలారు. అంతకుముందు మా ఇళ్ళల్లో వరన్నం పండగ పూటా, అల్లుడొచ్చిన పూటా. మిగతా రోజులన్నీ జొన్నన్నమో వరిగన్నమో. జొన్నలు తడి చేసి దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. కోడి కూసే వేళకే ప్రతి పంచలోంచీ మోత. ఆ మోతలోంచే పాట.

ఇద్దరు ఎదురుబొదురు నిలబడి ఒకే రోట్లో పోటు వేస్తారు. ఒకరి రోకలి లేస్తుంటే రెండోవాళ్ళది పడుతుండాలి. ఒక్క రవ్వ తేడా వచ్చిందా, రోకలికి రోకలి తగిలి చేతులు జుమ్మంటాయి. పాట ఆ పోటుకే కట్టి ఉంటుంది. రోకలి లేస్తుంటే మాట నడుస్తుంది. పోటు పడగానే మాట ఆగి, 'హుఁ' అని ఊపిరొస్తుంది. అందుకని రోకటి పాటలో పాదానికి మూడు మాటలు, మహా అయితే నాలుగు. ఐదో మాట పెట్టావో, రోకలి గాల్లో ఉండగానే ఊపిరి అయిపోతుంది. పాదం చివర ఒక దీర్ఘం పెడతారు, రోకలి దిగిందాకా గొంతు దానిమీద ఆనుకోవడానికి. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. గణాలనీ యతులనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. అయినా ఏ పాదమూ గింజెత్తు ఎక్కువ పోయేది కాదు. ఆ తూకమంతా ఆమె భుజంలో ఉండేది.

ఆమె సొంతంగా కట్టిన పాటలు కూడా ఉండేయిరా. సంక్రాంతికి పుట్టింటికి తీసుకెళ్ళడానికి అన్న రాలేదని ఒకటి. మా నాన్న సంతలో పళ్ళు చూడకుండా ఎద్దుని కొన్నాడని ఒకటి. అత్త మీద కట్టిన పాటలో అత్త పేరు ఉండదు, పెరట్లో పొడిచే కోడి ఉంటుంది. మా నాయనమ్మ మంచంలో కూర్చుని అదంతా విని, "బాగుందే అమ్మాయ్, ఇంకోసారి పాడు" అనేది. కొన్నాళ్ళకి తనూ గొంతు కలిపింది. ఆ కోడి ఎవరో ఆమెకి తెలియదనుకుని మేం పిల్లలం నోరు మూసుకుని నవ్వేవాళ్ళం. పెద్దయ్యాక తెలిసిందేందంటే, తన అత్తగారి మీద మా నాయనమ్మ కట్టుకున్న పాటలో కూడా కోడే ఉందట!

మిరప తోటలో పద్ధతి వేరు. అక్కడ ఒకరు ఎత్తుకుంటారు, ముఠా అంతా అందుకుంటుంది. ముప్పావలా కూలికి పొద్దు పొడిచిన దగ్గర్నించి వంగి కోసేవాళ్ళు. కాయల ఘాటుకి తుమ్ములు, తుమ్ముల మధ్య పాట. ఎత్తుకున్న మనిషి పాదం వదలగానే ముప్పై గొంతులు దాన్ని తిప్పి పాడతాయి చూడు, ఆ సందులో ఆమె తర్వాతి పాదం కట్టుకునేది. గట్టు మీద రైతు కిర్రుచెప్పులేసుకుని వచ్చాడా, వచ్చే పాదంలోకి ఆ చెప్పులొచ్చి కూర్చునేవి. పాడే మనిషుంటే కోత చురుగ్గా సాగుతుందని ఎవరో చెబితే, మా ఊరి పెద్దరైతొకాయన పక్కూరి నుంచి మంచి గొంతున్న మనిషిని ప్రత్యేకంగా పిలిపించాడు. ఆమె ఎత్తుకునేసరికి ముఠా మొత్తం చేతులాపి వినడం మొదలుపెట్టారు. సాయంత్రానికి గోతాలు సగమే నిండాయి. ఆయనకి కోపం రావాలా వద్దా? ఆయన కూడా గట్టు మీద కూర్చుని వింటూనే ఉన్నాడాయె, ఇంక ఎవర్ని అంటాడు.

ఈ అందుకోవడం అనేదాన్ని గుర్తుపెట్టుకో. మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

ఇప్పుడు కోటలోకి పోదాం. మీకేం, ఘాట్ రోడ్డు పడింది, బండి మీద ఝామ్మని పైకెక్కి చెరువుల దగ్గర సెల్ఫీలు దిగి వస్తారు. మేం కాళ్ళు పీక్కుపోయేట్టు మెట్లెక్కినవాళ్ళం. రెడ్డిరాజుల రాజధాని మొదట అద్దంకిలో ఉండేది. అనవోతారెడ్డి కాలంలో ఇక్కడికొచ్చింది. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలు చేస్తే వాటికి కావలసిన కర్పూరం, కస్తూరి అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడు తెప్పించేవాడు. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని ఆ సెట్టిగారికే అంకితమిచ్చాడు. ఆ రాజు సభలో ఆడిన లకుమాదేవి పేరు ఈ కొండకి ఇప్పటికీ అంటుకునే ఉంది. ఆ తర్వాతి రాజు పెదకోమటి వేమారెడ్డి పేరు మీద సంగీత చింతామణి అని సంగీతశాస్త్రమే ఒకటుంది. ఇక ఆఖరివాడు రాచవేమారెడ్డి. ఆయన పురిటి సుంకం వేశాడంట. బిడ్డ పుడితే పన్ను! ఆ కడుపుమంటతోనే సవరం ఎల్లయ్య అనేవాడు ఆయన్ని పొడిచేశాడని కైఫీయతుల్లో కథ. కన్నందుకు కూడా కట్టాలా అని అప్పటి ఆడవాళ్ళు రోకళ్ళ దగ్గర ఎన్ని పాటలు కట్టుంటారో, ఒక్కటీ మనదాకా రాలేదు. నాకు పోయిన కోటగోడల కంటే వాటి మీదే బెంగ. సరే, సుంకాల గొడవ మనకెందుకు, శ్రీనాథుడి దగ్గరికి రా.

శ్రీనాథుడు పెదకోమటి దగ్గర విద్యాధికారి. శృంగారనైషధం రాస్తే, సంస్కృతమంతా అట్టాగే ఉంచి చివర డు, ము, వు, లు తగిలించావని పండితులు ఎగతాళి చేశారని ఒక కథ ఉంది. అంత గట్టి సమాసాల మనిషి. పట్టుబట్టలు, జవ్వాది, సన్నబియ్యం అలవాటైన ప్రాణం. పల్నాడు వచ్చి జొన్నకూడు గొంతు దిగక, ఇదేం సీమరా అని చాటువుల్లో విసుక్కున్నాడంటారు. మా జొన్నకూడుని ఆయన అట్టా అన్నందుకు మా నాన్నకి చచ్చేదాకా కోపమే. రాజ్యాలు పోయాక ఆ కవిసార్వభౌముడే కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లిలో కౌలుకి చేసి నష్టపోయాడని చెప్పుకుంటారు. ఓడలు బళ్ళవుతాయి మరి.

అట్టాంటి మనిషి రాసిందే పల్నాటి వీరచరిత్ర అంటారు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపోరు, బాలచంద్రుడు, ఆ కథంతా మంజరీ ద్విపదలో ఉంటుంది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు దాన్ని అచ్చు వేయించారు. ద్విపదంటే రెండేసి పాదాలు. మామూలు ద్విపదకి ప్రాస కుదరాలి, మంజరికి ఆ నిర్బంధం లేదు. చూశావా ఆ తెలివి! సభలో చదివే కావ్యానికి బిగింపు మీద బిగింపు, ఊరోళ్ళు పాడుకునే కథకొచ్చేసరికి ఒక ముడి విప్పి పెట్టాడు. రెండు పాదాలు పాడు, ఊపిరి పీల్చుకో, ఇంకో రెండు పాడు. రోట్లో పోటు లెక్కే ఇది కూడా. శ్రీనాథుడి కవిత్వంలో నాకు అన్నిటికంటే ఇష్టం ఆ విప్పిన ముడి.

కారెంపూడిలో వీరుల తిరునాళ్ళకి మా మేనమామ నన్ను చిన్నప్పుడే తీసుకెళ్ళాడు. కార్తీక అమావాస్యకి మొదలై ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. నాగులేటి ఒడ్డున వీరవిద్యావంతులు ఆ కథల్ని పాడుతుంటే వినాలి. వాళ్ళు మాలలు. ఊళ్ళో నీళ్ళ బిందె దగ్గర దూరం జరగమన్న పెద్దమనుషులే ఆ ఐదు రోజులూ వాళ్ళ నోటి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఏ ఎండకా గొడుగు పట్టడం మనవాళ్ళకి కొత్త కాదులే. ఆ పాడేవాళ్ళకి పుస్తకం లేదు, తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి. ఒకాయన యుద్ధఘట్టం పాడుతూ పాడుతూ ఎక్కడ ఆగుతాడో, అక్కడ పంబ వాద్యం అందుకుంటుంది. ఆగడం తెలిసినవాడు కాబట్టే రాత్రంతా పాడగలిగాడు.

బుర్రకథ గురించి చెప్పకపోతే నా తిండి అరగదు. షేక్ నాజర్ పేరు వినుంటావు, వినకపోతే విన్నట్టు తల ఊపు. మన పాత గుంటూరు జిల్లానే, తాడికొండ దగ్గర పొన్నెకల్లు. 1920లో పుట్టాడు. దూదేకుల ఇంటి పిల్లవాడు, బీదరికం. తన బతుకు కథ చెప్పి రాయించుకున్నప్పుడు దానికి 'పింజారి' అనే పేరు పెట్టాడు, ఎంత గుండె ఉండాలి! ప్రజానాట్యమండలి రోజుల్లో ఆయన కథ ఎక్కడైనా ఉందంటే పది ఊళ్ళ నుంచి బళ్ళు కట్టేవాళ్ళు. బళ్ళ కింద లాంతర్లు, బళ్ళో చద్దిమూట, గోనెపట్టా. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేలికి అందె. పక్కన ఇద్దరు వంతలు గుమ్మెట్లు వాయిస్తూ. ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత లోకం సంగతులు, రాజకీయం విసురుతాడు. కథకుడు పాదం వదిలితే వంతలు 'తందాన' అని అందుకుంటారు.

ఇప్పుడు మిరపతోట గుర్తు తెచ్చుకో. ఆ 'తందాన' అనే మూడక్షరాల్లో ఎంత పనుందో తెలుసా? కథకుడు ఊపిరి తీసుకుంటాడు, జనం ముఖాలు చూసుకుంటాడు, ముందు వరసలో ఏడ్చే పిల్లాడి తల్లికి సైగ చేస్తాడు, తర్వాతి పాదం నాలిక మీదికి తెచ్చుకుంటాడు. వినేవాడికి పోయిన పాదం గుండెలోకి దిగే వ్యవధి కూడా అదే. నాజర్ పల్నాటి యుద్ధం కథ తనే కట్టుకున్నాడు. కట్టేవాడూ ఆయనే, చెప్పేవాడూ ఆయనే కాబట్టి, ఎక్కడ పరుగెత్తాలో ఎక్కడ నిలవాలో ఆయన కాళ్ళకే తెలుసు. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో అల్లూరి సీతారామరాజు కథ చెప్పాడు. చిలకలూరిపేటలో మేం ఆ సినిమా చూసింది రామారావు కోసం కొంత, నాజర్ కోసం కొంత. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. నువ్వు పాటలు రాయాలంటే ముందు ఆయన కథ ఒకటి పూర్తిగా విను. మధ్యలో ముందుకు జరపకుండా విను. మీ తరానికి వేలితో జరపడం బాగా అలవాటు.

నాటకాల పిచ్చి ఇంకో రకం. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు కట్టినా, మా ఊళ్ళో పండగ చేసినా, ఒక హరిశ్చంద్ర పడాల్సిందే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన సత్య హరిశ్చంద్ర. ఆయనా పాత గుంటూరు జిల్లావాడే. పెట్రోమాక్సు దీపాలు రెండు, హార్మోనీ పెట్టె ఒకటి, రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారేదాకా సాగేది. పద్యం చదివి, చివరి పాదం మీద రాగం ఎత్తుకుంటే జనం ఊగిపోయేవాళ్ళు. ఆ వెంటనే 'వన్స్ మోర్!' ఇంగ్లీషు ముక్క రాని మా ఊరి గొర్రెలకాపరికి కూడా ఆ రెండు మాటలూ నోటికొచ్చు. హరిశ్చంద్రుడు కాశీలో పెళ్ళాన్ని అమ్ముతూ గుండెలు పగిలేట్టు పద్యం పాడతాడు, ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తారు, మగాళ్ళు వన్స్ మోర్ కొడతారు. పాపం చంద్రమతి ఒకే రాత్రి రెండుసార్లు అమ్ముడుపోయేది. మూడోసారి కూడా కొడితే మా ఊరి పెద్దావిడొకామె లేచి, "ఇంక చాల్లేరా, ఆ పిల్ల ఎన్నిసార్లు పోవాలి" అని కేకలేసింది. ఆమె మాట మీద నాటకం ముందుకు నడిచింది.

చదివింపుల గొడవ ఒకటి. పద్యం నచ్చితే ఎవరో రెండు రూపాయలు పంపిస్తారు. హరిశ్చంద్రుడి కొడుకు లోహితుడు పాము కరిచి తల్లి ఒళ్ళో పడున్నాడు, అంతా గుక్కపట్టి ఉన్నారు. అప్పుడే హార్మోనిస్టు వాయిద్యం ఆపి, ఫలానా ఊరు ఫలానావారు రెండు రూపాయలు బహుమతి అని చదువుతాడు. చచ్చిపోయిన లోహితుడు ఎవరిచ్చారా అని ఒక కన్ను తెరిచేవాడు. ఒకళ్ళు రెండిస్తే పక్కవాడు మూడివ్వాలి, లేకపోతే పరువు పోదూ. పంట అమ్మిన డబ్బులు అట్టా పద్యాలకి కరిగిపోయిన ఇళ్ళున్నాయి. మా నాన్న మాత్రం డబ్బు తీయడు, తలపాగా తీసి గాల్లో తిప్పేవాడు. గొంతు సరిగా లేవని రోజు వేషగాళ్ళు హార్మోనిస్టుని తిట్టేవాళ్ళు. ఆడలేక మద్దెల ఓడనడం ఆ నాటకాల దగ్గర నిత్యం వినేవాళ్ళం. చీమకుర్తి నాగేశ్వరరావు, డి.వి. సుబ్బారావు వంటి వాళ్ళకి ఆ బాధ లేదు, వాళ్ళు వేషం కట్టారంటే హార్మోనీ వాళ్ళ వెనక పరిగెత్తాలి.

ఆ నాటకంలో కాటిసీను వచ్చేసరికి జాషువా పద్యాలు అందుకునేవాళ్ళు. శ్మశానం మీద ఆయన రాసినవి. బలిజేపల్లి నాటకంలోకి అవి ఎట్టా వచ్చి చేరాయో, చేరాక ఇంక వాటిని ఎవరూ బయటికి తీయలేకపోయారు. గుర్రం జాషువా 1895లో మన వినుకొండలో పుట్టాడు. కులం పేరుతో ఆయన పడ్డ అవమానాలు ఇన్నీ అన్నీ కావు. గడప ఎక్కనివ్వని ఊళ్ళే ఆయన పద్యానికి తెల్లవారుజామున వన్స్ మోర్ కొట్టాయి. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ సిగ్గూ గర్వమూ రెండూ కలిసి వస్తాయిరా. రాసినవాడెవరో తెలిసిన పద్యాన్ని నోటితో మోస్తూ, ఆ మనిషిని మాత్రం ముట్టుకోని జనం మనం.

ఏ పద్యం అట్టా నోట్లో పడుతుంది, ఏది పడదు? జాషువా పద్యం గట్టి వృత్తమే. కానీ పాదం చివర గొంతు నిలబెట్టుకోవడానికి చోటుంటుంది. అర్థం పాదంతో పాటే కొంత ముగుస్తుంది, అన్వయం కోసం వెనక్కి పరిగెత్తక్కర్లేదు. పశువుల కాపరి ఎండలో నడుస్తూ పాడుకోగలడు. మా ఊళ్ళో సంతకం రానివాళ్ళకి కాటిసీను మొత్తం నోటికొచ్చేదంటే అందుకే.

ఆ తర్వాత గ్రామఫోను. మా ఊళ్ళో ఒకే ఇంట్లో ఉండేది. కుక్కబొమ్మ పెట్టె. సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద పాతికమంది. చెప్పులు వీధిలో విడిచి, తువ్వాలు భుజం మీంచి తీసి కూర్చోవాలి, దగ్గు వస్తే లేచి బయటికి పోవాలి, అదీ మర్యాద. ఆ ఇంటాయన తాళం తిప్పేవాడు, కొత్త ముల్లు పెట్టేవాడు. ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది, మూడు నిమిషాలు దాటి కాస్తయ్యేసరికి ఒక వైపు అయిపోతుంది. రాత్రంతా పాడుకున్న జాతికి మూడు నిమిషాల కొలత వచ్చి పడింది చూడు! ఎన్నో చరణాలున్న పాటకి రెండు మూడే మిగిలాయి. రాగం చప్పున ముగించాలి. ఘంటసాల పాడిన కరుణశ్రీ పుష్పవిలాపం ప్లేటు వస్తే ఆ అరుగు మీద పాతికమంది వంద మందయ్యారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు గుంటూరు కాలేజీలో తెలుగు మేష్టారు. ఆయన పద్యాలన్నీ ఆ ప్లేటులో పట్టలేదు, పట్టినవి మాత్రం ఊరూరా తిరిగాయి. ఇరుకులో రాయడం కూడా ఒక విద్యేరా. నీకిప్పుడు ముప్పై సెకన్ల పాట కావాలంటున్నారంట, భయపడకు.

పాటల పుస్తకాల సంగతి మర్చిపోయా. టూరింగ్ టాకీసు దగ్గర అణాకి అమ్మేవాళ్ళు, ఆ తర్వాత నయాపైసలొచ్చాక పదిపైసలన్నారు. కథ సంగ్రహం, పాటలు, చివర 'మిగతా వెండితెరపై చూడండి'. పుస్తకం ఒకళ్ళు కొంటే వీధంతా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకునేది. రాత్రికి అడిగి తెచ్చుకుంటే తెల్లారి తిరిగివ్వాలి. లాంతరు మసి పుస్తకానికంటితే నేస్తం చెడినట్టే. ఏ పాట కింద ఏ కవి పేరుందో అట్టా రాసుకుంటూ నేర్చుకున్నాం. కొసరాజు అన్న పేరు కనిపిస్తే నేను పేజీ మడత పెట్టేవాణ్ణి.

కొసరాజు రాఘవయ్య చౌదరి, బాపట్ల దగ్గర అప్పికట్ల. 1905లో పుట్టాడు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం రైతుబిడ్డ తీస్తే దానికి పాటలు రాసి, వేషం కూడా కట్టాడు. ఆ తర్వాత 1955లో రోజులు మారాయి వచ్చింది. అందులో ఏరువాక పాట రాసింది ఆయనే. మాస్టర్ వేణు సంగీతం, జిక్కి గొంతు, ఆడింది వహీదా రెహమాన్, అప్పటికింకా బొంబాయికి తెలియని పిల్ల. ఆ పాట వరస పొలం గట్ల మీద పుట్టిందే. ఐదేళ్ళకి ఎస్.డి. బర్మన్ హిందీలో బంబయి కా బాబు సినిమాకి అదే వరస ఎత్తుకున్నాడు. మా పొలం పాట బొంబాయి దాకా పోయి వచ్చిందని మా ఊరి కుర్రాళ్ళు ఒక నెల్లాళ్ళు మీసాలు దువ్వుకున్నారు.

కొసరాజులో నాకు నచ్చింది చెప్తా విను. ఆయన ముందు పొలంలో నిలబడి విన్నాడు, ఆ తర్వాతే మద్రాసులో కలం పట్టాడు. అరక కట్టేవాడు ఎద్దుని అదిలించే చోట పాటలో అదిలింపు ఉంటుంది. సాలు తిరిగే చోట మాట తిరుగుతుంది. నువ్వు గదిలో తలుపేసుకుని రాస్తావంట, చెవుల్లో ఆ బిరడాలు పెట్టుకుని. మీ అమ్మ భోజనానికి పిలిస్తే కూడా వినపడదంట. ట్యూను ఇచ్చేవాడు ఇస్తాడు, దానికి మాటలు పేర్చడం ఎవరైనా నేర్చుకుంటారు. ఆ మాటలు పాడేవాడి పళ్ళకి తగులుతున్నాయో లేదో నీకెట్టా తెలుస్తుంది? రాసింది పైకి పాడుకో. నడుస్తూ పాడుకో, బరువెత్తుకుని పాడుకో. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ ఒక మాట తీసెయ్యి. 'క్ష'లూ 'జ్ఞ'లూ వరసగా రెండు పెట్టావంటే మీ నాయనమ్మ ఆ చోట మూలిగి ఊరుకుంటుంది, పాట అక్కడే ఆగిపోతుంది.

రేడియో ముచ్చట పొద్దుపోయింది కాబట్టి పొట్టిగా చెప్తా. బెజవాడ స్టేషను 1948 డిసెంబరులో వచ్చింది. మాకు పంచాయతీ ఆఫీసు మీద పెద్ద గొట్టం కట్టి వినిపించేవాళ్ళు. పొద్దున భక్తిరంజని, దాంతోపాటే పాలు పిండేవాళ్ళు. సిలోన్ రేడియోలో మీనాక్షీ పొన్నుదురై తెలుగు పాటలు వేస్తుంటే, ఆమె గొంతు కోసమే వినేవాళ్ళు సగం మంది. ఐదు పైసల కార్డు మీద పాట పేరు, కింద ఇంటిల్లిపాది పేర్లు రాసి పంపడం. మా నేస్తం ఒకడు తన పేరు పక్కన వరసకాని పిల్ల పేరు రాశాడు. పేర్లు కలిపి చదివితే ఇంట్లో చెప్పే పని తప్పుతుందని వాడి ఆశ. ఆలు లేదు చూలు లేదన్న బాపతు. పాట రానేలేదు, కార్డు మాత్రం పోస్టుమాను చదివేశాడు.

మళ్ళీ మన కొండ దగ్గరికొస్తే, 1957లో సి. నారాయణరెడ్డి గారు కర్పూర వసంతరాయలు అని కుమారగిరి, లకుమల కథని గేయకావ్యంగా రాశారు. మా కొండ మీద కథ. పాడుకోవడానికి రాసిన కావ్యం అది. ఐదేళ్ళకి గులేబకావళి కథకి సినిమా పాటలన్నీ ఆయనే రాశారు. 1981లో కొండవీటి సింహం అని సినిమా వస్తే మా ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి చిలకలూరిపేట పోయింది, రెడ్డిరాజుల కథనుకుని. తీరా అది పోలీసు అధికారి కథ. రాజులు లేకపోతే పోయారు, వేటూరి పాటలున్నాయి కదా అని పాడుకుంటూ తిరిగొచ్చారు.

ఇంకొక్క మనిషి గురించి చెప్పి నిన్ను వదిలేస్తా. అనిశెట్టి సుబ్బారావు, నరసరావుపేట. 1922లో పుట్టాడు. ఆ రోజుల్లో నరసరావుపేట కుర్రకారు సామాన్యులు కాదు. కుందుర్తి, ఏల్చూరి, బెల్లంకొండ రామదాసు ముగ్గురూ కలిసి 1944లో నయాగరా అని కవితల పుస్తకం వేశారు. అనిశెట్టి వాళ్ళ జట్టే. ఆయన అగ్నివీణ అని నిప్పులు కక్కే కవిత్వం రాశాడు. ఆ చేత్తోనే సినిమాలకి పాటలు రాశాడు. 1962లో రక్తసంబంధం వచ్చింది. రామారావు, సావిత్రి అన్నాచెల్లెళ్ళు. అందులో ఒకరికొకరు దూరమైన ఆ ఇద్దరూ పసిపిల్లల్ని ఊపుతూ పాడే జోలపాట ఉంది, సంగీతం ఘంటసాల. ఆ పాట అనిశెట్టిది. అగ్ని రాసినవాడు జోల కూడా రాశాడా అని అప్పట్లో ఒకాయన నాతో వాదించాడు. ఎందుకు రాయకూడదు? ఉయ్యాల ఊపు ఎంతుంటుందో, పాదం అంతే ఉంటుంది అందులో. తాడు అటు పోయి ఇటు వచ్చేలోగా మాట ముగుస్తుంది. ఏడుపు గొంతుకి అడ్డం పడినా ఆ పాట పాడొచ్చు, అంత మెత్తగా పేర్చాడు మాటల్ని.

ఆ సినిమా వచ్చాక మన వీధిలో పుట్టిన ప్రతి పిల్లా ఆ పాటతోనే నిద్రపోయింది. రాసింది నరసరావుపేట ఆయనని ఆ తల్లుల్లో ఒక్కరికీ తెలియదు. మీ నాన్న పసిగుడ్డుగా ఉన్నప్పుడు మీ నాయనమ్మ కూడా అదే పాడేది. ఆమెకి రెండో చరణం సగం దాకే వచ్చు. సినిమాకి మళ్ళీ తీసుకెళ్ళమని అడిగితే నేను పొగాకు బేరన్ పని ఉందన్నా. ఇంక ఆమె నన్ను అడగలేదు, మిగతా చరణం తనే కట్టేసుకుంది. అందులో నా మీద ఏదో ఉందని మీ మేనత్తలు నవ్వుకుంటారు. ఇన్నేళ్ళైనా నా ఎదుట ఆ చరణం పాడదు. లోపల మేలుకునే ఉంది, ఆ గాజుల చప్పుడు ఆమెదే. ఆ పుస్తకం, కలం పట్టుకుని పోయి అడుగు, నీకైతే పాడుతుంది. అందులో కోడి ఉందేమో చూసి వచ్చి నాకు చెప్పు.